మళ్ళీ మాయాబజార్

నిన్న రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక ‘మాయాబజార్’ పెట్టాను. 1957 నాటి సినిమా. ‘అహ నా పెళ్ళియంట’ పాటలో సుశీల గొంతు మధ్యలో ఘంటసాల గొంతు రాగానే సావిత్రి చూపు, నడక, నిలబడే తీరు అన్నీ మారిపోతాయి. శశిరేఖ రూపం లోపల ఉన్నది ఘటోత్కచుడే అని ఆ క్షణంలో నమ్మేస్తాం. వెనక్కి జరిపి జరిపి అదే చూశాను. హాల్లో అయితే ఈ వీలుండదు కదా! ఇక కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ వెన్నెల... స్టూడియో లైట్లతో అంత చల్లదనం ఎలా తెచ్చారో మహానుభావుడు!

ఆ సెట్లు వేసిన విజయా వాహినీ స్టూడియో చెన్నైలో మా వడపళనిలోనే ఉండేది. ఇప్పుడక్కడ ఆస్పత్రి, మాల్. చెన్నైలో పెరిగే మన తెలుగు పిల్లలకి ఈ సంగతి తెలియాలి. ఆదివారం మా అపార్ట్‌మెంట్ పిల్లలందరికీ మా ఇంట్లోనే షో వేస్తున్నాను.