ఇరవై యూరోల పింగాణీ పళ్ళెం, ఒక వేలం ఆఫీసు: నా అనుభవం

నా పాత పళ్ళెం గురించి నిన్న రాత్రి మెయిల్ వచ్చింది. మనసు తేలికపడింది కానీ కోపం ఇంకా పోలేదు, అందుకే వేడి మీదే రాసేస్తున్నాను.

మేం పారిస్ శివార్లలో ఉంటాం. ఇక్కడ ఎండాకాలం ఆదివారాలు వీధుల్లో 'విద్ గ్రెనియే' అని సంతలు పెడతారు. ఆ మాటకి అర్థం అటక ఖాళీ చేయడమే. జూన్‌లో అలాంటి సంతలో ఒక పెద్దాయన దగ్గర ఈ పళ్ళెం 20 యూరోలకి కొన్నాను. తెల్లటి పింగాణీ మీద ఒక పక్కకి వాలిన పూలకొమ్మ, దాని మీద చిన్న పిట్ట, అవతల ఖాళీలో ఒంటరిగా ఒక తూనీగ, అంచుకి సన్నటి బంగారు గీత. బొమ్మ మధ్యలో కాకుండా అలా ఓ పక్కకి ఒదిగి ఉండటమే నన్ను అక్కడ ఆపేసింది. బేరం కూడా ఆడలేదు.

వెనక్కి తిప్పితే ఆకుపచ్చ రంగులో 'హెచ్ అండ్ కో' అని, కింద 'ఎల్' అని ఉంది. పక్కనే పాత ధర స్టిక్కర్, చేత్తో రాసిన 120 ఫ్రాంకులు. 2002లో యూరో నోట్లు వచ్చాక ఫ్రాంకులు పోయాయి కదా, అంటే ఆ కాగితానికే ఇరవై ఏళ్ళు దాటాయి. ముచ్చటేసి దాన్ని పీకలేదు.

గుర్తు ఎవరిదో తెలుసుకోవడం అరగంట పని. డేవిడ్ హావిలాండ్ అనే అమెరికా వ్యాపారి 1842లో ఫ్రాన్స్‌లో పింగాణీకి పేరుపడ్డ లిమోజ్ ఊరికి వచ్చి పెట్టుకున్న వ్యాపారం అది, సరుకు ఎక్కువగా అమెరికాకే వెళ్ళేది. నా పళ్ళెం గుర్తులో 'ఫ్రాన్స్' అనే మాట లేదు. 1891 నుంచి అమెరికాకి వచ్చే సరుకు మీద ఏ దేశంలో తయారైందో రాసి తీరాలని చట్టం పెట్టారు, కాబట్టి ఆ మాట లేకపోతే అంతకు ముందుది అయ్యే అవకాశం ఎక్కువ. ఇంతవరకూ నేనే కనుక్కున్నాను. ఇక తెలిసినవాళ్ళ చేత ఒక్కసారి చెప్పించుకుందాం అనుకోవడం దగ్గరే మొదలైంది అసలు కథ.

ఇక్కడ వేలం సంస్థలు కొన్ని రోజుల్లో ఉచితంగా వస్తువులు చూసి విలువ చెబుతాయి. నేను వెళ్ళిన సంస్థ పేరు రాయను. పళ్ళేన్ని రెండు తువ్వాళ్ళలో చుట్టి, ఆఫీసుకి సెలవు పెట్టి వెళ్ళి గంటన్నర లైన్‌లో నిలబడ్డాను. నా ముందు ఒక పెద్దావిడ వెండి చెంచాలు తెచ్చింది. విలువ చెప్పే ఆయన లేచి 'మదామ్' అని కుర్చీ చూపించి, అవి ఎవరివి, అమ్మమ్మవా, నాయనమ్మవా అని ఆప్యాయంగా కబుర్లు చెప్పాడు. నా వంతు వచ్చింది. నేను ఫ్రెంచిలో నమస్కారం పెడితే ఆయన ఇంగ్లీషులో జవాబిచ్చాడు. ఈ దేశంలో తొమ్మిదేళ్ళ నుంచి ఫ్రెంచిలోనే ఉద్యోగం చేస్తున్నాను. ఇంకో వాక్యం కూడా ఫ్రెంచిలోనే చెప్పాను, ఆయన ఇంగ్లీషు మానలేదు. మొదటి ప్రశ్న, "ఇది మీకు ఎక్కడిది?" సంతలో కొన్నానన్నాను. రసీదు ఉందా అన్నాడు. అటకలు ఖాళీ చేసుకునే సంతలో రసీదు ఎవరిస్తారు? వెండి చెంచాల ఆవిడని రసీదు అడగలేదే! వెనకాల లైన్‌లో ఇద్దరు తలలు చాచి మరీ చూశారు. చెవులు వేడెక్కిపోయాయి.

తర్వాత పళ్ళేన్ని ఒక్క క్షణం తిప్పి, ఆకుపచ్చ గుర్తు చూసి, కింద పెట్టేశాడు. లిమోజ్ నుంచి తెల్ల పళ్ళేలు కొనుక్కుని అమెరికాలో ఆడవాళ్ళు ఇంట్లో కాలక్షేపానికి బొమ్మలు వేసుకునేవారు, ఇది అదే, పది యూరోలు కూడా రాదు అన్నాడు. అలా వేసుకునేవారన్నది నిజమే, ఆ విషయం నేనూ చదివాను. కానీ ఇది అదేనని ఎలా తేలింది? భూతద్దం టేబుల్ మీదే ఉంది, ముట్టుకోలేదు. అడిగేలోపు "నెక్స్ట్" అన్నాడు. మెట్రోలో ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని కూర్చుంటే ఏడుపొచ్చింది. పది యూరోలని కాదు. వస్తువుని చూడమని తీసుకెళ్తే నన్ను చూసి ధర చెప్పాడు.

ఆ రాత్రి పిల్లాడి సైన్సు కిట్‌లో భూతద్దం తీసి దీపం కింద పెట్టి చూశాను. పిట్ట ఈకల గీతలు, తూనీగ రెక్కల గీతలు అచ్చు వేసినవి, వెంట్రుకంత సన్నం. వాటి లోపల రంగు మాత్రం చేత్తో నింపింది, ఒకచోట గీత దాటి బయటికి వచ్చింది కూడా. ఇంట్లో కూర్చుని కాలక్షేపానికి వేసుకునేవాళ్ళకి ఆ అచ్చు ఎక్కడిది? అప్పుడు స్టిక్కర్ మీద అనుమానం వచ్చింది. గోరువెచ్చటి నీళ్ళలో తడిపిన గుడ్డ పావుగంట వేసి ఉంచితే మెల్లగా ఊడింది. దాని కింద ఎర్రగా 'హావిలాండ్ అండ్ కో, లిమోజ్'. ఆకుపచ్చ గుర్తు గ్లేజు (పైన వేసే గాజులాంటి పూత) కింద ఉంటుంది, తెల్ల పళ్ళెం ఎవరు చేశారో చెబుతుంది. ఈ ఎర్రది గ్లేజు పైన ఉంటుంది, బొమ్మ ఎవరు వేశారో చెబుతుంది. రెండూ ఒక్కరివే. అర్ధరాత్రి మా ఆయన్ని లేపి మరీ చూపించాను.

ఆ శనివారమే లిమోజ్ వెళ్ళాను, రైల్లో మూడున్నర గంటలు. అక్కడి పింగాణీ మ్యూజియం అద్రియాఁ దుబూషేలో సగం రోజు ఉన్నాను. ఆ ప్రాంతంలో పింగాణీ చేసే తెల్లమట్టి 1768 దగ్గర్లో సెంట్ ఇరియేలో బయటపడిందట. ఒక వైద్యుడి భార్య దాన్ని బట్టలు ఉతకడానికి పనికొస్తుందనుకుందని చెప్పుకుంటారు. అది చదవగానే మా నాయనమ్మ చెప్పే చౌడుమట్టి, చాకిరేవు గుర్తొచ్చాయి. హావిలాండ్ వాళ్ళు 1870లలో పారిస్‌లోని ఓతాయ్‌లో ఒక స్టూడియో నడిపారు, దానికి పెద్దగా ఉన్నది ఫెలిక్స్ బ్రాక్‌మోఁ అనే చిత్రకారుడు. జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ బొమ్మలు చూసి పిట్టల్నీ పురుగుల్నీ కొమ్మల్నీ పళ్ళేల మీదకి తెచ్చినవాడు. గీతలు రాగిరేకు మీద చెక్కి, అచ్చు తీసి, రంగులు చేత్తో నింపించేవాడు. నా పళ్ళెం ఆయనదే అనను, కానీ ఆ గాలి సోకిన పళ్ళెం.

తర్వాత మరో సంస్థకి, నేను స్వయంగా వెళ్ళకుండా, ఫొటోలు మాత్రం మెయిల్ చేశాను: ముందు, వెనక, రెండు గుర్తులూ దగ్గరగా, అంచు, భూతద్దంలో తూనీగ రెక్క. మీరూ ఇలాగే చేయండి, పళ్ళేన్నే చూస్తారు. నిన్న వచ్చిన జవాబు అదే: కార్ఖానాలోనే బొమ్మ వేసిన హావిలాండ్, 1880 ప్రాంతం, 80 నుంచి 120 యూరోలు. ఇంకో మాట, ఇలాంటివి డిష్‌వాషర్‌లో వేయకండి, బంగారు గీత పోతుంది. గుర్తు ఒక్కటే చూసి కూడా కొనకండి, సేవ్ర్ అనే పేరున్న ఫ్రెంచి పింగాణీ కార్ఖానా వాళ్ళ రెండు ఎల్ అక్షరాల గుర్తుని దొంగగా చాలామంది వేశారు.

ఈ పళ్ళేన్ని అమ్మను. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు చేతిసంచీలో పెట్టుకుని అమ్మకి ఇస్తాను. 120 ఫ్రాంకుల స్టిక్కర్ ఆరబెట్టి డైరీలో అంటించుకున్నాను. లెక్క వేస్తే 18 యూరోల పైచిలుకు, నేనిచ్చిన దానికి దాదాపు రెండు యూరోలు తక్కువ.