ఫోను ఎక్కడ మోగింది?

మళ్ళీ ఫోను కథే. పొద్దున అది మోగుతూనే ఉంది, నేను వంటింట్లో వెతుకుతూనే ఉన్నాను. పోపులపెట్టె పక్కన చూశాను, ఫ్రిజ్ మీద చూశాను, ఆఖరికి బియ్యం డబ్బా మూత కూడా తీశాను. అదేమో హాల్లో, మడత పెట్టని బట్టల గుట్టలో ఉంది. మోగించింది చిన్నాడే. సోఫాలో కూచుని నా అవస్థంతా వీడియో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. మా తోడికోడలు ఏడు నవ్వు బొమ్మలు పెట్టింది, లెక్కపెట్టాను. ఈయనేమో "చెవి కాదు, నీకు ధ్యాస లేదు" అన్నారు. కుడి చెవి సంగతి ఎన్ని నెలల్నుంచి చెబుతున్నా ఈ ఇంట్లో అది నా పరధ్యానం ఖాతాలోకే పోతుంది.

సాయంత్రం దాకా ముభావంగానే ఉన్నాను. అదీ ఎవరూ గమనించలేదు.

అందరూ పడుకున్నాక మసకాజు కొనిషి అనే శాస్త్రవేత్త గురించి చదువుతూ కూచున్నా. 1933లో క్యోటోలో పట్టు నేతగాళ్ళ ఇంట పుట్టి, అమెరికా వెళ్ళి, 1975 నుంచి కాలిఫోర్నియాలో ఉన్న విశ్వవిద్యాలయం కాల్‌టెక్‌లో గుడ్లగూబల చెవుల వెంట పడ్డాయన. చిమ్మచీకట్లో ఎలుక ఎక్కడుందో గుడ్లగూబకి చప్పుడుతోనే తెలిసిపోతుంది. చప్పుడు ఒక చెవికి ముందు చేరుతుంది, రెండో దానికి తర్వాత. తేడా సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు, అయినా అది చాలు కుడో ఎడమో తేలడానికి. పైనా కిందా తెలియడానికి దాని చెవులు ఎగుడుదిగుడుగా ఉంటాయట. 1978లో ఆయనా, ఎరిక్ నూడ్సెన్ అనే ఆయనా గుడ్లగూబ చుట్టూ స్పీకరుని జరుపుతూ చూస్తే, మెదడులో ఒక్కో కణం ఒక్కో దిక్కు నుంచి వచ్చే చప్పుడుకే ఉలిక్కిపడింది. బయటి చోటంతా లోపల పటం గీసి పెట్టినట్టు. నాకూ అలాంటి పటం ఉంటే అందులో హాలు చెరిగిపోయినట్టుంది.

తర్వాత నూడ్సెన్ గుడ్లగూబలకి ఒక చెవిలో బిరడా పెట్టి చూశాడు. పిల్ల గూబలు కొన్నాళ్ళకి సర్దుకుని సరైన చోటుకే తల తిప్పాయి. పెద్దవి సర్దుకోలేకపోయాయి. చిన్నాణ్ణి లేపి చూపిద్దామనిపించింది, చూడరా, ధ్యాస కాదు, వయసు అని.

కానీ కొనిషి అంతకుముందు చేసిన పని చదివాక మనసు మారింది. 1965 నాటిది. పిచ్చుక పిల్లలకి వినికిడి పోగొడితే (చదవడానికే కష్టంగా ఉంది) పెద్దయ్యాక వాటి పాట పాటలా ఉండలేదు. తమ గొంతు తమకి వినబడాలి మరి. అదే పాట పూర్తిగా కుదిరిన పెద్ద పిచ్చుకలైతే వినబడకపోయినా పాడుతూనే ఉన్నాయి.

మా నాయనమ్మ! చివరి పదేళ్ళు ఆవిడకి ఉరుము కూడా వినబడేది కాదు. సందెదీపం పెట్టి మంగళహారతి ఎత్తుకుంటే మాత్రం శ్రుతి వెంట్రుకవాసి కదిలేది కాదు. మేం వెనక నిలబడి తప్పుడు రాగంలో కూనిరాగాలు తీసేవాళ్ళం. ఓసారి మా అన్నయ్య ఇత్తడి చెంబు గచ్చు మీద ఎత్తేశాడు. అది గుమ్మం దాకా దొర్లుకుంటూ పోయింది. ఆవిడ పాట ఆగలేదు. నేను తలుపు తీసి బయటికి పారిపోబోతే మాత్రం వత్తి వణికింది, వెనక్కి తిరక్కుండానే "ఎవర్రా తలుపు తీసింది?" అంది. పడీ పడీ నవ్వాం. అప్పట్లో వీడియో తీసే ఫోన్లు లేవు గానీ, ఉంటే మేమూ తీసేవాళ్ళమే.

ఇంతకీ వయసు ఆవిడ పాటని కాపాడింది, నా దగ్గరికొచ్చేసరికి దిక్కు తెలియకుండా చేసింది. ఇదేం లెక్కో.

ఇప్పుడే ఆ వీడియో చప్పుడు తీసేసి మళ్ళీ చూశాను. ఐదుసార్లు తల తిప్పాను, ఐదుసార్లూ ఎడమకే, మంచి చెవి వైపే. బట్టల గుట్ట కుడివైపుంది.