పాత ఛాలెంజ్ మ్యాపులను మళ్లీ ఆడే స్థితికి తెచ్చిన నా అనుభవం

బ్లాకులతో కట్టి ఆడే కంప్యూటర్ ఆట మైన్‌క్రాఫ్ట్‌కు మేం నడిపే సర్వర్‌లోని పాత ఛాలెంజ్ మ్యాపులు (దాటాల్సిన పరీక్షలుగా కట్టిన ఆట స్థలాలు) నిన్న రాత్రితో మళ్లీ మొదటి నుంచి చివరి దాకా ఆడదగిన స్థితికి వచ్చాయి. ఒక్కటి మాత్రం మిగిలిపోయింది. దాని సంగతి తరువాత చెబుతాను. ఇలాంటి పనికి పూనుకునేవారికి ఉపయోగపడుతుందనే ఉద్దేశంతో, మా సర్వర్‌ను తన యంత్రాల మీద నడిపే హోస్టింగ్ సంస్థ మీద కోపం ఇంకా చల్లారకముందే ఇది రాస్తున్నాను.

ఇవన్నీ 1.8 వెర్షన్ కాలంలో, అంటే 2014 సెప్టెంబరు తరువాత, మా సభ్యులు కట్టిన పార్కూర్ దారులు (గెంతుతూ దాటేవి), చిక్కు గదులు, గాలిలో తేలే ద్వీపాలు. కట్టినవారి అనుమతి అడిగితే అందరూ సంతోషంగా ఇచ్చారు. ఫైళ్లు దింపుకోవడం కూడా కష్టం కాలేదు.

కష్టమంతా హోస్టింగ్ సంస్థతోనే వచ్చింది. వాళ్లు పాత యంత్రాలను తీసివేస్తూ, మమ్మల్ని ఒక్క మాటైనా అడగకుండా మా వరల్డ్‌ను (మ్యాపులన్నీ ఉన్న ఆట లోకాన్ని) కొత్త వెర్షన్‌లో తెరిచి నడిపించారు. మైన్‌క్రాఫ్ట్‌లో పాత వరల్డ్‌ను కొత్త వెర్షన్ తెరిచిందంటే, ఆటగాళ్లు తిరిగిన ప్రతి చంక్ (వరల్డ్‌ను విభజించిన చిన్న ముక్క) కొత్త రూపంలోకి మారి అలాగే సేవ్ అవుతుంది. ఎవరూ అడుగుపెట్టని చంక్‌లు పాత రూపంలోనే ఉండిపోతాయి. అలా మారిన దాన్ని తిరిగి 1.8లో తెరవడానికి మార్గం లేదు. చూడటానికి గోడలు, మెట్లు, దీపాలు అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, లోపం చూపే సందేశమూ రాలేదు, కాని ఆట చచ్చిపోయింది.

ఎందుకు చచ్చిపోయిందో సపోర్టు సిబ్బందికి ఎంత వివరించినా తలకెక్కలేదు. 2018లో వచ్చిన 1.13 వెర్షన్‌లో కమాండ్ల, అంటే ఆటకు ఇచ్చే ఆదేశాల, వ్యాకరణమే మారింది: ఎగ్జిక్యూట్ కమాండ్‌ను రాసే పద్ధతి పూర్తిగా వేరయింది, టెస్ట్‌ఫర్ కమాండ్‌ను తీసేశారు. వరల్డ్ మారినంత మాత్రాన కమాండ్ బ్లాకుల్లో (ఆదేశాన్ని లోపల ఉంచుకుని నడిపే బ్లాకుల్లో) రాసి ఉన్న వాక్యాలు మారవు కనుక, తలుపులు తెరుచుకోలేదు, సమయం లెక్కించే గడియారాలు కదల్లేదు. కదలికల సంగతి ఇంకా సూక్ష్మమైనది. నిచ్చెన మందం 1.9లో రెండు పిక్సెళ్ల నుంచి మూడుకు పెరిగింది. నిచ్చెనకు వీపు ఆనించి పరుగు అందుకుని దూకాల్సిన చోట ఆ ఒక్క పిక్సెల్ లేకపోతే అవతలి బ్లాకు అందదు. మరోవైపు 1.13 నుంచి నీటిలో ఈదుతూ ఒక బ్లాకు ఎత్తున్న సందులోకి దూరిపోవచ్చు. కట్టినవాడు గోడగా తలచింది అక్కడ దారి అయిపోయింది. ఒకచోట అసాధ్యం, మరొకచోట మరీ సులువు. రెండు విధాలా మ్యాపు పాడైనట్టే.

ఇదంతా వివరంగా రాసి, వెర్షన్ మార్చడానికి ముందు రోజు బ్యాకప్ ఇమ్మని అడిగాను. వరల్డ్ తెరుచుకుంటోంది కాబట్టి సమస్య లేదని చెప్పి వాళ్లు నా టికెట్‌ను (ఫిర్యాదును) మూసివేశారు. మళ్లీ తెరిస్తే మళ్లీ మూశారు. చివరకు మా సభ్యులందరూ చూస్తున్న చోటనే, మ్యాపులను కట్టినవారికి పని రాకపోవడం వల్లే ఇలా జరిగిందని ఒక ఉద్యోగి రాశాడు. నన్ను అని ఉంటే ఊరుకునేవాణ్ణి. బడి నుంచి వచ్చి రాత్రుళ్లు కూర్చుని, ఒక్కొక్క గెంతునూ తానే దూకి సరిచూసుకున్న పిల్లల పనిని, ఆ మ్యాపులో ఒక్క గదైనా దాటని మనిషి తీసిపారేయడం నేను భరించలేకపోయాను.

ఆ తరువాత పంపిన బ్యాకప్ అసలైనదేనని వాళ్లు హామీ ఇచ్చారు. నేను నమ్మలేదు. 1.9 నుంచి ప్రతి చంక్‌లోనూ ఏ వెర్షన్‌లో సేవ్ అయిందో తెలిపే డేటావెర్షన్ అనే అంకె చేరుతుంది, 1.8లో సేవ్ అయిన చంక్‌లో అది ఉండదు. ఆట ఫైళ్లను చదివే ఎన్‌బీటీ ఎక్స్‌ప్లోరర్‌తో, చంక్‌లు ఉండే రీజియన్ ఫైళ్లు తెరిచి చూస్తే, ఆటగాళ్లు ఎక్కువగా తిరిగే గదులన్నింటిలోనూ ఆ అంకె కనిపించింది. స్క్రీన్‌షాట్లు తీసి పంపిన తరువాతే నిజమైన పాత బ్యాకప్ బయటికి వచ్చింది. మా సర్వర్‌లో ఈ పరీక్ష చేయడం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇది గర్వంగానే చెబుతున్నాను. ఆ పాత బ్యాకప్‌లోనూ రీజియన్ ఫోల్డరు తప్ప మరేమీ లేదు. వరల్డ్ అమరికలు ఉండే లెవెల్ డాట్ (level.dat) ఫైలు లేకుండా నడిపిస్తే శూన్యంలో తేలాల్సిన ద్వీపాల చుట్టూ అడవులు, కొండలు పుట్టుకొస్తాయి కనుక, ఆ ఫైలును, స్కోర్‌బోర్డు ఉన్న డేటా ఫోల్డరును మ్యాపు కట్టిన ఒక మిత్రుడి సొంత కాపీ నుంచి తెచ్చుకున్నాను.

ఇప్పుడు ప్రతి మ్యాపునూ దాని వరల్డ్ ఫోల్డరు, 1.8 సర్వర్ జార్ ఫైలు (సర్వర్ ప్రోగ్రాము), దాన్ని నడిపే జావా 8, సెట్టింగులుండే సర్వర్ ప్రాపర్టీస్ ఫైలు, అన్నింటినీ కలిపి ఒకే కట్టగా దాస్తున్నాను. కమాండ్ బ్లాకులను అనుమతించే సెట్టింగు మొదట ఆపి ఉంటుంది; దాన్ని ఆన్ చేయాలి. పాత సర్వర్‌ను బయటివారికి తెరిచేముందు, 2021 డిసెంబరులో బయటపడిన లాగ్4జే లోపానికి (బయటివారు సర్వర్‌లోకి చొరబడేందుకు వీలిచ్చేది) ఆట తయారీ సంస్థ మోజాంగ్ ఇచ్చిన కాన్ఫిగరేషన్ ఫైలును తప్పక జోడించాలి. వేరే వెర్షన్ల ఆటగాళ్లనూ సర్వర్‌లోకి రానిచ్చే వయావెర్షన్ ప్లగిన్ పెడితే కొత్త క్లయింటుతోనే (ఆటగాడి కంప్యూటర్‌లోని ఆటతోనే) ఆడవచ్చు కదా అని చాలామంది సలహా ఇస్తారు, వినకండి. లోపలికి రావడం వరకు నిజమే కాని, ఆటగాడి కదలికలను లెక్కించేది అతని క్లయింటే, కనుక నిచ్చెన మళ్లీ మూడు పిక్సెళ్లే అవుతుంది. లాంచర్‌లో (ఆటను మొదలుపెట్టే ప్రోగ్రాములో) పాత వెర్షన్‌ను ఎంచుకునే వీలు ఉన్నప్పుడు బద్ధకం ఎందుకు?

చివరి పరీక్షలో ఒక తమ్ముడు, "అన్నా, బటన్ నొక్కితే ఏమీ జరగడం లేదు" అన్నాడు. నాకు మాత్రం పనిచేస్తోంది. ఆరంభస్థానాన్ని కాపాడే స్పాన్ ప్రొటెక్షన్ సెట్టింగు విలువ 16గా ఉండటంతో, ఆరంభస్థానం దగ్గర ఆపరేటర్లు (నాలాంటి నిర్వాహకులు) తప్ప మరెవరూ దేన్నీ ముట్టుకోలేరని తేలింది. దాన్ని సున్నా చేశాను, తలుపు తెరుచుకుంది.

మిగిలిన మ్యాపుకు రిసోర్స్ ప్యాక్ (ఆటలోని బొమ్మలు, శబ్దాలు మార్చే ఫైలు) కావాలి. గోడల మీది గుర్తులన్నీ అందులోనే ఉన్నాయి, అవి లేకపోతే చిక్కు విప్పడం కుదరదు; దాన్ని ఉంచిన లింకు ఇప్పుడు పనిచేయడం లేదు. అప్పట్లో మాతో ఆడినవారి పాత కంప్యూటర్ ఇంకా ఉంటే, మైన్‌క్రాఫ్ట్ ఫోల్డరులో సర్వర్ రిసోర్స్ ప్యాక్స్ అనే ఫోల్డరును తెరిచి చూడండి. అందులో పొడవాటి అక్షరాలు, అంకెలు కలిసిన పేర్లతో, ఎక్స్‌టెన్షన్ లేకుండా కొన్ని ఫైళ్లు ఉంటాయి. వాటి చివర జిప్ అని చేరిస్తే తెరుచుకుంటాయి. ఏది మనదో తెలియకపోతే అన్నీ నాకు పంపండి, నేనే వెతుక్కుంటాను.