చిట్టి పంజరంలోకి చెయ్యి పెట్టడం మానేశాక

మా చిట్టి క్వేకర్ చిలుక. బయట ఉన్నంతసేపూ భుజం మీద కూర్చుని చెవి దగ్గర ఏదో గొణుగుతూ, తల వంచి మెడ గోకమని అడుగుతుంది. పంజరంలోకి వెళ్తే మాత్రం ఆ పక్షేనా అనిపించేది. నీళ్ల గిన్నె తీద్దామని చెయ్యి లోపల పెడితే చాలు, కంటిపాప చిన్నదై, పెద్దదై, మళ్లీ చిన్నదయ్యేది, మెడ వెనక ఈకలు లేచేవి, నేను తేరుకునేలోపే బొటనవేలు పట్టేసేది. రక్తం వచ్చిన రోజులున్నాయి. దీనికి పొగరెక్కింది అని ఇంట్లో అందరం అనేసుకున్నాం, ఎవరికైనా ఇచ్చేద్దామా అనే మాట కూడా ఒకసారి వచ్చింది. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది, ఎందుకంటే తప్పు దానిది కాదు.

చాలా రకాల చిలుకలు చెట్టు తొర్రల్లో గుడ్లు పెడతాయి. క్వేకర్లు అలా కాదు, పుల్లలు ఏరుకొచ్చి సొంతంగా గూడు అల్లుకుంటాయి, ఒక్కోసారి ఒకే చెట్టు మీద ఎన్నో జంటలు పక్కపక్కనే గదులు కట్టుకుని ఉంటాయి. ఆ గూటిని కాచుకోవడం వాటి పుట్టుబుద్ధి. మా ఇంట్లో చిట్టికి ఉన్న గూడు ఆ పంజరం ఒక్కటే. నేను శుభ్రం చేస్తున్నాననుకుంటున్నా, దానికి మాత్రం ఎవరో ఇంట్లో దూరి సామాను లాక్కెళ్తున్నట్టే కదా.

అందుకే ముందు చెయ్యి పెట్టడం మానేశాను. తలుపు తీసి పక్కకు జరుగుతాను, అదే బయటికొచ్చి పైనున్న కొమ్మ మీద కూర్చుంటుంది, అప్పుడే గిన్నెలు కడగడం, కాగితాలు మార్చడం. దాంతోపాటు ఒక సన్నటి పుల్లతో ఆట మొదలుపెట్టాం. పుల్ల చివర ముక్కుతో తాకితే ఒక పొద్దుతిరుగుడు గింజ. మొదట ఊచల బయటి నుంచే, రోజుకు రెండుసార్లు, ఐదేసి నిమిషాలు. ఆ గింజలు మామూలు తిండిలోంచి తీసేశాను, లేకపోతే వాటికి విలువేముంటుంది? మొదటి మూడు రోజులు పుల్లనే కొరికి విరిచింది. వారం తిరిగేసరికి పుల్ల ఎటు పోతే అటు వచ్చేది.

ముక్కు మీద తట్టండి, తోలు గ్లవుజు వేసుకుని పట్టుకోండి అని చెప్పేవాళ్లుంటారు. దయచేసి వినకండి. కరిచే పక్షి అప్పటికే భయంలో ఉంటుంది, చేతులంటే ఇంకా భయం పెంచడం తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు. కరిచినప్పుడు అరిచినా, చెయ్యి విదిలించినా అలవాటు ఇంకా ముదురుతుంది. కంటిపాప ఆడటం మొదలవగానే మనమే ఆగిపోవాలి, అసలు కరిచేదాకా రానివ్వకూడదు.

లోపల వేలాడే గుడ్డ గుడిసె, అద్దం కూడా తీసేశాను. చీకటి మూల దొరికితే గుడ్లు పెట్టే కాలం వచ్చిందని ఒంటికి అనిపిస్తుంది, కోపం పెరుగుతుంది. వీపు మీద, రెక్కల కింద నిమరడం వల్ల కూడా అంతే. తల, మెడ వరకే చాలు.

ఇక నిద్ర సంగతి. ఇది నాకు చాలా ఆలస్యంగా తట్టింది. పంజరం హాల్లో ఉండేది, రాత్రి పదకొండున్నర దాకా టీవీ, లైట్లు, పొద్దున ఆరుకే అలికిడి. చిలుకలకు పది నుంచి పన్నెండు గంటల చీకటి, నిశ్శబ్దం కావాలి. మా చిట్టికి దొరికింది ఆరున్నర గంటలు, అదీ కలత నిద్ర. ఒకరోజు అర్ధరాత్రి రెండింటికి పంజరంలో ఒకటే కొట్టుకోవడం, రెక్కలు ఊచలకు తగిలి టపటపా చప్పుడు. వెళ్లి చూస్తే కాగితం మీద రక్తం చుక్కలు. కొత్తగా వస్తున్న ఈకలో రక్తం ఉంటుంది, అది విరిగింది. పట్టుకోవాలని చెయ్యి ముందుకెళ్లింది కానీ ఆగాను. చిన్న లైటు వేసి, పక్కన కూర్చుని, "చిట్టీ, నేనేరా" అని మెల్లగా అంటూ ఉన్నాను. ఇరవై నిమిషాలకు కొమ్మ ఎక్కింది, రక్తం ఆగింది. పొద్దున్నే డాక్టరుకు చూపించాం. రక్తం ఆగకపోతే మాత్రం తెల్లారేదాకా ఆగకూడదు. ఎప్పుడూ లేనిది పక్షి ఒక్కసారిగా కరవడం మొదలుపెట్టినా ముందు డాక్టరుకే చూపించాలి, నొప్పి ఉన్నా అలాగే చేస్తుంది.

ఆ మర్నాడే పంజరం వెనక గదిలోకి మార్చాం, ఒకవైపు గోడ ఆనుకుని, కిటికీలోంచి బండ్ల వెలుగు పడని చోట. పడుకునే కొమ్మ చుట్టూ బొమ్మలు తీసేశాను, చీకట్లో ఎగిరితే తగలకుండా. మూడు వైపులా గాలాడే పలుచటి గుడ్డ, ముందువైపు తెరిచే ఉంటుంది, మూలన చిన్న బెడ్‌లైటు. మొదట కప్పిన ముదురు రంగు దుప్పటికి బెదిరిపోయింది, అందుకే లేత రంగు గుడ్డ తెచ్చి నాలుగు రోజులు కుర్చీ మీద వేసి చూపించాకే కప్పాను. రోజూ ఎనిమిదికి లైట్లు తగ్గిస్తాం, అదే మాట, "బజ్జో చిట్టీ." నిద్ర సరిపోవడం మొదలయ్యాక పగలు కరవడం కూడా దానంతటదే సగం తగ్గింది, ఈ రెండింటికీ ఇంత లింకు ఉంటుందని అనుకోలేదు.

ఇప్పుడు గుడ్డ కప్పిన కాసేపటికి ఒక కాలు పొట్టలోకి ముడుచుకుని, పైముక్కు కింది ముక్కు రాసుకుంటూ కరకరమని చిన్న చప్పుడు చేస్తుంది. చిలుకలు హాయిగా నిద్రలోకి జారేముందు చేసే చప్పుడది. అది వినేదాకా నేను గదిలోంచి కదలను. గిన్నె మాత్రం ఇప్పటికీ అది బయటికొచ్చాకే తీస్తాను.