ఐలోని మల్లన్న జాతర నుంచి ఒగ్గుకథ రికార్డింగ్ దాకా: నా అనుభవం

డోలు కొడుతూ దేవుళ్ల కథలు పాడి చెప్పే ఒగ్గుకథను పూర్తిగా వినాలంటే జాతరకే పోవాలని చాలామంది అనుకుంటారు. నేనైతే జాతరకు పోయేది కథ కోసం కాదు, మేళం కోసం, అంటే కథ చెప్పే బృందం కోసం. ఐనవోలును ఇక్కడ ఐలోని అంటారు, హనుమకొండ నుంచి ఇరవై కిలోమీటర్ల లోపే. భోగికి మొదలైన జాతర ఉగాది దాకా నడుస్తుంది. గుడి దగ్గర మొక్కులవాళ్లు వరుసలో ఉంటారు కాబట్టి ఒగ్గు పూజారి ఒక్కో కుటుంబానికి చిన్న పట్నం (రంగుల పొడితో వేసే ముగ్గు) వేసి, నాలుగు మాటలు పాడి ముగిస్తాడు. పైగా గుడి మైకులు, బూరల చప్పుడు. అక్కడ చేసిన రికార్డింగ్ దేనికీ పనికిరాదు.

రాత్రంతా నడిచే కథ ఊళ్లలో కుర్మలు, గొల్లలు పెట్టుకునే పట్నాల దగ్గర దొరుకుతుంది. అందుకే జాతరలో మేళం కాస్త ఖాళీగా కూర్చున్నప్పుడు అడిగేది ఒకటే: "అన్నా, ముందట పట్నాలు ఏ ఊర్లె పడ్డయి?" ఏ కథ చెప్తారో కూడా అప్పుడే తెలుసుకోవాలి: మల్లన్నదా, బీరప్పదా, ఎల్లమ్మదా. మేళం ఒప్పుకుంటే సరిపోదు. పట్నం వేయించే ఇంటివాళ్లను, కులపెద్దను విడిగా అడగాలి. ఇది మరిచి పోతే నడిరాత్రి మైకు తీసెయ్యమంటారు, అందులో తప్పూ లేదు.

ఇక అసలు తంటా డోలుతో. ఫోన్‌లో రికార్డు చేస్తే లెవెల్ దానంతటదే మారుతుంటుంది. దెబ్బ పడగానే గొంతు మునుగుతుంది, మళ్లీ పైకి లేస్తుంది. చిన్న రికార్డర్ తీసుకుని ఆటో లెవెల్ ఆపెయ్యాలి. లెవెల్ కథకుడి గొంతుకు కాదు, డోలుకు పెట్టాలి. గట్టి దెబ్బ రికార్డర్ మీటర్ మీద మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగాలి. కథ మొదట్లో డోలు మెత్తగా ఉంటుంది, దాన్ని నమ్మొద్దు. శివమూగే (పూనకం వచ్చే) ఘట్టం వచ్చిందంటే ఆ దెబ్బే వేరు. కాబట్టి ఇంకో 6 డెసిబెల్స్ తగ్గించే మొదలుపెడతాను. గొంతు చిన్నగా పడితే ఇంటికొచ్చాక పెంచుకోవచ్చు, పగిలిన దెబ్బను మాత్రం బాగుచెయ్యలేం.

కాలర్ మైకు మీద ఆశ పెట్టుకోకండి. కథకుడు భుజం మీది కండువాను నెత్తిన కప్పుకుంటే మల్లన్న భార్య మేడలమ్మ, నడుముకు చుట్టుకుంటే మల్లన్న. మైకు ఆ కండువాకు ఉంటే దాంతోపాటే తిరుగుతుంది, రాపిడి తప్ప ఏమీ వినపడదు. స్టాండు మీద మైకు ఛాతీ ఎత్తున, కథకుడికి ఎదురుగా రెండు గజాల్లో పెడితే చాలు. డోలు మూతి దానివైపు చూడకుండా పక్కకు జరగాలి. వంతపాటగాడి "ఆఁ" కూడా పడాలి, ఆ జవాబు లేకపోతే కథ సగమే.

24 బిట్, 48 కిలోహెర్ట్జ్ స్టీరియోలో గంటకు దాదాపు 1 జీబీ పడుతుంది. రాత్రికి 32 జీబీ కార్డు ధారాళం. జనవరి చలికి బ్యాటరీలు తొందరగా దిగుతాయి, రెండు జతలు ఎక్కువ పెట్టుకోవాలి. మంచుకు తోలు వదులై డోలు గొంతు కూడా దిగుతుంది. తాళ్లు బిగించుకోవడానికి వాళ్లు ఆగినప్పుడే బ్యాటరీ మార్చేసుకోవాలి. కట్నాలు (జనం మేళానికి ఇచ్చే కానుకలు) చదివేటప్పుడు మాత్రం రికార్డింగ్ ఆపొద్దు. ఇచ్చినవాళ్ల పేరు కథలో కలిపేసి నవ్విస్తారు, నాకు అన్నిటికన్నా ఇష్టమైన ముక్కలు అవే.

బండారి చల్లడం మొదలైందంటే పసుపు పొడి మీటల సందుల్లోకి, మైకు జాలీలోకి దూరుతుంది. తడిగుడ్డతో తుడిస్తే ముద్దై అతుక్కుంటుంది. ముందే మైకుకు స్పాంజి తొడుగు, రికార్డర్‌కు పల్చటి ప్లాస్టిక్ సంచి వేసి, తర్వాత పొడి బ్రష్‌తో దులపాలి. పట్నం తొక్కగానే ఆ రంగుల పొడి కోసం జనం ఒక్కసారిగా వంగుతారు. అంతకు ముందే స్టాండు మడిచి చేతిలో పట్టుకోవాలి.

మేళానికి, ఇంటివాళ్లకు పెన్‌డ్రైవ్ ఇచ్చేటప్పుడు ఎంపీ3గా మార్చి ఇవ్వండి. వాళ్లు వినేది ట్రాక్టర్లో, ఆటోలో. 24 బిట్ ఫైల్ ఆ డబ్బాల్లో చాలావాటిలో పలకదు.