రక్తపిశాచి లేని రక్తపిశాచి చిత్రం

కార్తీకమాసపు ముసురు పట్టి రెండు రోజులుగా గడప దాటలేకపోయిన వేళ, కావలిలోని మా ఇంట్లో నేనూ మా బాబాయి కొడుకూ కలిసి 1933 నాటి 'ది వాంపైర్ బ్యాట్' చూశాము. నలుపు తెలుపు బొమ్మ, గంటకు కాస్త మించిన నిడివి, బయట ఎడతెగని వాన; భయపడడానికి ఇంతకన్నా అనువైన రాత్రి దొరకదనుకున్నాను.

మెజెస్టిక్ అనే చిన్న సంస్థ దీనిని తక్కువ ఖర్చుతో నిర్మించింది. యూనివర్సల్ వారు తమ భయానక చిత్రాల కోసం వేసిన సెట్లనే అద్దెకు తీసుకుని, రాత్రివేళల్లో చిత్రీకరణ సాగించారు. దానిని నేను తప్పుగా ఎంచను. ఎరువు తెచ్చుకున్న నగ అయినా మెడలో మెరుస్తూనే ఉంటుంది. అదే ఏడాది 'కింగ్ కాంగ్'లో కనిపించిన ఫే రే ఇందులోనూ ఉన్నా, ఆమెకు చేయడానికి పని లేదు.

ఊళ్లో ఒకరి తరువాత ఒకరు మెడపై గాట్లతో, ఒంట్లో నెత్తురు లేకుండా చనిపోతుంటే, గబ్బిలాలను చేరదీసి ముద్దు చేసే హెర్మన్ అనే అమాయకుడిపై అందరికీ అనుమానం కలుగుతుంది. ఆ పాత్రలో డ్వైట్ ఫ్రై కళ్లు చూస్తే జాలీ జంకూ ఒకేసారి పుడతాయి. కాగడాలు పట్టుకుని జనం అతడిని తరిమే ఘట్టంలో మంటలకు ఫిల్ముపై చేత్తో రంగు వేయించారు; ఉన్న కాస్త డబ్బునూ సరైన చోటే పెట్టారు. మా చిన్నతనంలో వీధి పొడుగునా తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని సుద్దతో రాసిన రోజులు నాకు గుర్తుకు వచ్చాయి. ఎవరూ చూడని ఆడదయ్యానికి ఊరంతా జడిసిన కాలమది. అప్పుడు ఏ పిచ్చిదో రాత్రిపూట తలుపు తట్టి ఉంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ అనిపిస్తుంది.

హెర్మన్ చనిపోయిన తరువాత మాత్రం చిత్రం అతడిని పూర్తిగా మరిచిపోయింది. తరిమినవారిలో ఒక్కరైనా తల దించుకున్న దృశ్యం లేదు. రక్తం తీస్తున్నది పిశాచి కాదు, ఊరి వైద్యుడే. తాను ప్రయోగశాలలో సృష్టించిన జీవపదార్థాన్ని పోషించడానికి, నౌకరును మనోశక్తితో వశపరచుకుని మనుషులను తెప్పించుకుంటాడు. లయొనెల్ ఆట్విల్ గంభీరంగానే నటించారు కానీ, గాజుతొట్టిలోని ఆ ముద్దను చూసి మా తమ్ముడు పకపకా నవ్వాడు.

"ఏందన్నా, పిశాచి ఎప్పుడొస్తాది?" అని వాడు అడిగేసరికి చిత్రం ముగింపుకు వచ్చింది. లేని రోగాలకు మందులు మింగే ముసలావిడ భేదిమందు హాస్యంతో తెర పడింది. చెరువుకట్ట మీది చింతచెట్టు గబ్బిలాలే దీనికన్నా నయమని గొణుక్కుంటూ వాడు దుప్పటి ముసుగు తన్నాడు.