'శ్రుతి చూసుకోండి' అని రాసే ముందు

మా కర్ణాటక సంగీతం నేర్చుకునేవాళ్ల గ్రూపులో ఎవరు పాడి పంపినా మొదట్లో నావి రెండే జవాబులు: "చాలా బాగుంది" లేదా "శ్రుతి చూసుకోండి". మొదటిది మొహమాటం, రెండోది బద్ధకం. రేపు పొద్దున్న తంబూర ముందు కూర్చుని ఏం సాధన చెయ్యాలో రెండింటిలోనూ లేదు.

ఇప్పుడు ముందుగా రికార్డింగు సంగతి తేల్చుకుంటాను. తంబూర ఇయర్‌ఫోన్లో పెట్టుకుని పాడితే మనకు గొంతు ఒక్కటే వినిపిస్తుంది. జూమ్‌లో 'ఒరిజినల్ సౌండ్' పెట్టకపోతే ఆగకుండా మోగే తంబూరను అది రొద అనుకుని అణిచేస్తుంది. ఆధార షడ్జం, అంటే పాడేవాళ్లు పునాదిగా పెట్టుకున్న 'స', తెలియకుండా తప్పెలా పడతాం? అందుకే "ఏ శ్రుతండీ, అయిదా అయిదున్నరా?" అని అడిగి, నా దగ్గర అదే శ్రుతి పెట్టుకుని వింటాను. తంబూర వేరే ఫోనులో బయటికి మోగిస్తూ పాడితే ఈ బాధే ఉండదు.

మొదటిసారి ఊరికే వింటాను. రెండోసారి చేత్తో తాళం. ఆది తాళమైతే లఘువు 4, రెండు ద్రుతాలు కలిపి 4, మొత్తం 8 అక్షరాలు, అంటే తాళంలో ఎనిమిది లెక్కలు. వర్ణం అనే రచన మొదట్లో మెట్రోనోమ్ 60 దగ్గర సరిపోయి, అందులో స్వరాలు పాడే భాగమైన చిట్టస్వరానికి 68కి చేరితే, రెట్టింపు వేగంలో పాడే రెండో కాలం తడబడుతుంది. పాడినవాళ్లు రెండో కాలం రాలేదనుకుంటారు. అసలు జారింది మొదటి కాలంలోనే, దీర్ఘం నిలపాల్సిన చోట అర అక్షరం ముందే వదిలెయ్యడం వల్ల. ఆ చోటు చూపించాలి.

మూడోసారి స్వరస్థానాలు. మాయామాళవగౌళ రాగంలో ఎక్కువగా రిషభమే (రి) దొరికిపోతుంది. "0:42 దగ్గర గ నుంచి దిగేటప్పుడు రి కాస్త పైనే ఆగింది, షడ్జానికి ఇంకా దగ్గరగా రావాలి. స–రి–స, గ–రి–స అకారంలో పదేసి సార్లు, తంబూరతో, నెమ్మదిగా": ఇంత రాస్తే చాలు. ఒక్కో స్వరాన్ని రెండేసి సార్లు పాడే జంటవరసల్లోనూ అంతే. "ఊపు లేదు" అంటే ఎవరికీ అర్థం కాదు, "జంటలో రెండో స్వరం మీద ఊనిక పడలేదు" అంటే వెంటనే తెలుస్తుంది.

ఒక్కసారికి రెండు తప్పులే చెబుతాను. శ్రుతి, లయ నిలవని చోట గమకం, అంటే స్వరాన్ని ఊపే తీరు, గురించి వ్యాసం రాయడం దండగ.

ఎక్కువ గొడవలు వచ్చేది మాత్రం పాఠాంతరం దగ్గర, అంటే ఒకే పాటను ఒక్కో గురువు ఒక్కోలా నేర్పే చోట. ఒక పాదాన్ని మార్చి మార్చి పాడే పద్ధతిని 'సంగతి' అంటాం. నేను నేర్చుకున్న సంగతి వేరు, ఇంకో గురువుగారి శిష్యులు పాడేది వేరు. అది తప్పు కాకపోవచ్చు. "మీ గురువుగారు ఇలాగే చెప్పారాండీ?" అని అడిగితే సగం వాదన అక్కడే ఆగిపోతుంది. అవునంటే ఆ సంగతి జోలికి వెళ్లను.

సాహిత్యంలో ఆ మినహాయింపు లేదు. విదేశాల్లో ఇంగ్లీషు లిపి చూసి పాడే పిల్లలకు 'వందనము' 'వండనము' అవుతుంది, ళ కాస్తా ల అయిపోతుంది. మాట మధ్యలో ఊపిరి తీసి పదాన్ని విరిచేస్తారు. దీనికి వ్యాఖ్య రాయను. ఆ పాదం నేనే మామూలుగా చదివి, ఊపిరి ఎక్కడ తీయాలో చెప్పి, వాయిస్ మెసేజ్ పెడతాను. పిల్లలు చదివేదానికంటే వినేదే తొందరగా పట్టుకుంటారు.

వారం తర్వాత వర్ణం మొత్తం మళ్లీ అడగను. తప్పు పడిన ఆ ఒక్క ఆవర్తనమే (తాళం ఒక చుట్టు), రెండుసార్లు పాడి పంపమంటాను.